పచ్చపూలన్నీ ఆవాలు కావు

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరూ గొడవ లేకుండా ఒప్పుకునే మాట ఇదొక్కటే. అయినా ఆ రోజు విత్తనాల సారు మీద ఒంటికాలి మీద లేచినందుకు నాకు ఇప్పటికీ రవ్వంత చింత లేదు.

మాది డోన్‌కు పడమర పక్క ఊరు. ఎర్రనేల, బోరు నీళ్లు. రెండేళ్ల కింద మా ఆయన, నేను ఎకరం చేలో ఆవాలు వేశాం. అవి వంటకు కాదు, విత్తనానికి. అలాంటి చేను పూతకు రాగానే విత్తనాల వాళ్లు ఒక మనిషిని పంపుతారు. ఆవాలకు దాయాది మొక్క ఏదైనా చేలో ఉంటే దాని పుప్పొడి కలిసి జాతి చెడుతుంది. అట్లాంటిది కనబడితే చేను పనికిరాదని ఆయన రాసిపోతాడు. అప్పుడు మా పంట తాలింపు గింజల కింద చవగ్గా పోవాల్సిందే. మా చాకిరీ అంతా ఆయన సంతకం మీద వేలాడుతోంది.

వచ్చినాయనకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. చేలోకి దిగలేదు. గట్టు మీదే నిలబడి, సాళ్ల మధ్య పచ్చగా పూసిన కలుపును వేలితో చూపించాడు. పూతలో మనుషులు దిగితే కొమ్మలు విరుగుతాయని చివరి కలుపు తీయకుండా వదిలేశాం.

"అడవి ఆవాలు. చేనంతా ఉన్నాయి. దీన్ని పాస్ చెయ్యలేను" అంటూ కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. "సార్..." అని అక్కడే ఆగిపోయాడు.

"అవి ఆవాలు కాదు సార్, కుక్కవాయింట" అన్నాను నేను.

"నాలుగు రేకులు, పచ్చపూలు. ఆవాల జాతేనమ్మా. మేం చదువుకున్నది ఇదే కదా."

ఆ మాటతో నాకు కడుపు మండింది. నేను ఏడేళ్ల వయసులో మా అమ్మ వెంట కలుపుకు పోయినదాన్ని. వంచిన నడుము ఎత్తకుండా, చేతికి దొరికిన మొక్క ఏదో తడిమి చెప్పాలి. వాయింటాకు దొరికితే ఒడిలో వేసుకోవాలి, రాత్రికి పులుసు. పట్టుకోగానే వేళ్లకు జిగురంటి, ముక్కు పగిలే వాసన కొడితే అది కుక్కవాయింట, గట్టు మీదికి విసిరేయాలి. ఒకసారి నేను రెండూ కలిపి తెచ్చాను. పులుసు చేదెక్కి కుండతో సహా దిబ్బ మీద పారబోశారు. మా అమ్మ నా వీపు మీద ఒకటిచ్చింది. ఆ చదువు ఎట్లా మర్చిపోతాను?

అప్పటిదాకా సార్ అన్నదాన్ని, "చదువుకునింటే చేలోకి దిగప్పా! గట్టు మీద నుంచి చూస్తే గాడిదా గుర్రమూ ఒకటే మాదిరి కనపడ్తాయి" అనేశాను. మా ఆయన ముఖం పాలిపోయింది. ఆ సారు మాత్రం దిగాడు, పాపం.

ఒక చేతిలో మా ఆవాల కొమ్మ, ఒక చేతిలో కుక్కవాయింట పెట్టుకుని నిలబడ్డాను. "చూడు. ఆవాల పువ్వులో నాలుగు రేకులూ నాలుగు దిక్కులకు పోతాండాయి. దీని రేకులు నాలుగూ ఒకే పక్కకు ఎగబడ్తాండాయి. ఆవాల ఆకు ఒంటి ఆకు. దీనికి ఒక కాడకు మూడాకులు, అయిదాకులు. కాయ పగలగొట్టు. ఆవాల కాయలో నడిమధ్య పల్చని పొర గోడ మాదిరి ఉండాది. దీంట్లో యాడుండాదో చూపీ."

ఆయన సంచిలోంచి భూతద్దం తీసి పువ్వులు విప్పాడు. ఆవాల పువ్వులో ఆరు కేసరాలు, నాలుగు పొడుగు, రెండు పొట్టి. రెండో పువ్వులో లెక్క పదికి పైనే పోయింది. చివరికి, "ఇది వేరే కుటుంబమేనమ్మా. దీనికీ ఆవాలకూ సంకరం కాదు. నాదే పొరపాటు" అని రాసింది కొట్టేశాడు. చెప్పొద్దూ, నాకు ఎక్కడలేని పొగరూ వచ్చింది.

ఆ పొగరుతోనే గట్టు వైపు తిరిగాను. అక్కడ రాళ్ల పక్కన మొదటి సాలులో అయిదు మొక్కలు కనిపించాయి. మా వాటికంటే పొట్టివి. పువ్వు ఆవాల పువ్వే. కానీ పైఆకు కాండాన్ని కావలించుకుని ఉంది. మా చేను ఆకు అట్లా ఉండదు. అవి ఆవాలే, కాకపోతే మావి కావు.

ఎట్లా వచ్చాయో క్షణంలో అర్థమైంది. మొలక ఒత్తుగా వచ్చిందని దారిన పోయేవాళ్లంతా నిలబడి చూస్తుంటే, మా అత్త ఉప్పు, మిరపకాయలు, అంగట్లో కొన్న వంటింటి ఆవాలు పిడికిట్లో పట్టి చేనికి దిష్టి తీసింది. పొయ్యిలో వేయాల్సినవి, చేను దిష్టి చేలోనే పడాలని అక్కడే విసిరింది. దిష్టి పోయిందో లేదో గానీ ఆవాలు మాత్రం మొలిచాయి.

ఆయన సంతకానికి పెన్ను తెరిచాడు. నా వెనకాలే నిలబడి ఉన్న మా అత్త నా చూపు కనిపెట్టి కొంగు లాగింది. "గమ్మునుండే. ఆయప్ప చూళ్లేదు గదా" అని గొణిగింది.

నిజమే, చూడలేదు. కానీ ఇంతసేపూ ఆయనకు కళ్లు లేవని తిట్టింది నేనే కదా.

"సార్, ఆగండి. మీరు వెతుక్కునేవి అవి కాదు, ఇవి" అని అయిదింటినీ పీకి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ఆకు తిప్పి చూశాడు. గట్టు పక్క పది సాళ్లు విత్తనానికి పనికిరావని, మిగతా చేను పాస్ అని రాశాడు. మా ఆయన తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోటికి పది సాళ్లు పాయె" అంది మా అత్త.

పోతూ పోతూ ఆ సారు అడిగాడు: "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదమ్మా. ఎందుకు చెప్పారు?"

"నా చేలో యా మొక్క ఏందో నాకు తెలుసని మీతో అంత కొట్లాడితి గదా సార్. సగమే తెలుసని యాడన్నా అంటినా?"