ఓబులయ్య విన్న దీవి కథ

ఓబులయ్యది కడప జిల్లా. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక అరబ్బు ఇంటికి డ్రైవరు. యజమాని తనకిచ్చిన గదిలో ఊరివాళ్ళు ఏసోబునూ జలంధర్‌నూ కూడా ఉండనిచ్చాడు. తొంభై నాలుగు ఎండాకాలం యజమాని కుటుంబం లండన్ వెళ్ళింది. అప్పుడే వేడినూనె పడి ఓబులయ్య పాదం కాలింది, చీము పట్టింది. కంపు భరించలేక ఆ ఇద్దరూ, జ్వరంతో ఒళ్ళు తెలియనివాణ్ణి మంచంతో సహా మోసుకెళ్ళి మేడమీది మెట్ల గదిలో వదిలేశారు. రేకుల కప్పు. ఏసీ లేదు.

పక్క వాటాలోని గ్రీకు ముసలాయన, ఓడల మెకానిక్ స్తావ్రోస్, మూలుగు విని పైకొచ్చాడు. తన ఫ్యాను తెచ్చిపెట్టాడు. రోజూ డ్యూటీకి ముందు కట్టు మార్చేవాడు. ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదు. దేవుడే పంపాడనుకోవాలి.

ఒకరోజు కట్టు విప్పుతూ, వచ్చీరాని హిందీలో తమ వైపు కథ చెప్పాడు. లెమ్నోస్ అనే పెద్ద దీవి దగ్గర మనుషుల్లేని చిన్న దీవి ఉండేదట. యుద్ధానికి పోతున్న విలుకాడొకణ్ణి పాము కరిస్తే, పుండు కంపు కొడుతోందని తోటివాళ్ళు అతన్ని ఆ దీవిలో దించి పోయారట.

"వాళ్ళు మనుషులేనా?" ఓబులయ్య లేచి కూచున్నాడు.

"పదేళ్ళకు మళ్ళీ వచ్చారు. అతని విల్లు లేకుండా గెలవలేమని."

"పోయినాడా?"

"పోయాడు. గెలిపించాడు."

"సిగ్గులేదా వానికి! నేనైతే ఆ పడవకి నిప్పు పెట్టేవాణ్ణి!"

"కాలు కదపకు. కట్టు కట్టనీ."

ఎండలు తగ్గకముందే యజమాని తిరిగొచ్చాడు. గది తన డ్రైవరుకిచ్చిందనీ, అతను లేకుంటే సాయంత్రానికి తాళం వేయిస్తాననీ అన్నాడు. అప్పుడు గుర్తొచ్చాయి ఇద్దరికీ మేడ మెట్లు.

"కిందికి రా అన్నా. మేం నీవాళ్ళమేనని యజమానికి ఒక్క మాట చెప్పు," అన్నాడు ఏసోబు.

"ఇన్నాళ్ళు యాడ సచ్చినార్రా? ఒగరోజన్నా నీళ్ళు తెచ్చినారా? శుక్రవారం సెలవుకు బైబిలు పట్టుకుని పోతావే, ఆ ప్రార్థనలో ఏం అడుగుతావురా దేవుణ్ణి?"

"కంపు తాళలేకపోతిమి," జలంధర్ నసిగాడు.

"నాకు మాత్రం ముక్కు లేదా?"

అయినా ఓబులయ్య స్తావ్రోస్ భుజం పట్టుకుని కుంటుతూ దిగాడు. "ఉండనీ బాబా, మా ఊరోళ్ళు," అన్నాడు యజమానితో. జలంధర్ ఓబులయ్య కాళ్ళ మీద పడబోయాడు.

"లెయ్! ఈ ఎండలోకి కుక్కను గూడా తోలను. అందుకే చెప్పినా. మీ మీద ప్రేమనుకుంటివా?"

ఆ పూట ఏసోబు అన్నం వడ్డించి కంచం ముందు పెట్టాడు. ఓబులయ్య దాన్ని పక్కకు తోసి, గోడ పట్టుకుని లేచి, స్తావ్రోస్ తలుపు తట్టాడు. ఆయన దగ్గరున్నవి ఉడకబెట్టిన ఆలుగడ్డలే. ఇద్దరూ అవే తిన్నారు.