లైటు పట్టుకున్నది నేను

మా అక్క పోయింది. అక్క అంటే తోడబుట్టింది కాదు. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. కడపలో మా మేడ మీద వడియాలు పెడుతుంటే కర్నూలు ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "వదిన ఇంక లేదు" అన్నాడు. పిండి చేతులతోనే కూలబడి ఏడ్చాను. ఆ ఏడుపులోనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, ఇంక ఈ జన్మలో ఆమెను మించే వీలు నాకు లేదని. చదివేవాళ్ళు ఏమన్నా అనుకోండి. ఏళ్ళ తరబడి ఒకే వంటింట్లో మసిలిన తోడికోడళ్ళకు నా బాధ తెలుస్తుంది.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట. "కంప్యూటర్‌ను సొంతంగా తయారుచేసిన మనిషి!" అవును, చేసింది. కానీ ఆ రోజు లైటు పట్టుకున్నది నేను. ఆ సంగతి ఒక్కరికీ గుర్తులేదు.

అక్క కూతురు ఇళ్ళ ప్లాన్లు గీసే చదువులో చేరినప్పటి ముచ్చట ఇది. ఆ పనికి గట్టి కంప్యూటర్ కావాలన్నారు. అక్క అంగళ్ళన్నీ తిరిగొచ్చి, "లోపల ఏముండాదో అమ్మేవాళ్ళే చెప్పలేకపోతాండారు. విడి సామాన్లు తెచ్చుకోని మనమే బిగిద్దాం" అంది.

బావ నవ్వాడు. "ఏమ్మే, అది మిక్సీ అనుకుంటాండావా?"

మిక్సీలూ కూలర్లూ విప్పి బాగుచేసే అలవాటు ఆమెకు ముందునుంచీ ఉంది. రోజూ వంట ముగించి ఫోన్లో వీడియోలు చూసేది. ఏది దేనికి సరిపోతుందో తేల్చుకున్నాకే సామాన్లు తెప్పించింది. నేను ఆ పక్కనే కూర్చుని సీరియల్ చూస్తున్నట్టు నటిస్తూ ఆ వీడియోలన్నీ విన్నాను.

బిగించే రోజు మంచి ఎండ. దుమ్ము పడుతుందని ఫ్యాను ఆపేసింది. నైలాన్ చీరలు వద్దని తనూ నూలు చీర కట్టుకుని, నాతోనూ కట్టించింది. నల్లబండల మీద అట్టపెట్టె పరిచి, ఒక్కో భాగం తీసే ముందు కిటికీ ఊచను ముట్టుకునేది. ఒంట్లో కరెంటు ఏమన్నా ఉంటే అందులోకి పోతుందట. ఆ అలవాటు ఆమెకు ఎంతగా పట్టుకుందంటే, తర్వాత్తర్వాత రేడియో సెల్లు మార్చాలన్నా ఊచ ముట్టుకునేది.

ప్రాసెసర్ పెట్టేటప్పుడు నేను టార్చి పట్టుకుని దగ్గరగా వంగాను. "ఒత్తితే కూచునేది కాదిది. మూలనుండే గుర్తు చూసి పెడితే దానంతటదే కూచుంటాది" అంటూ వేలికొసలతో వదిలింది. నిజంగానే కూర్చుంది. ఆ వేళ్ళను చూసి నా కడుపు మండిపోయింది. నా చేతులకేం తక్కువ?

"లైటు నా మొగాన కాదు మే, పని మీద పట్టు" అంది.

"అక్కా, నాకూ ఒక స్క్రూ ఇయ్యక్కా."

"ఆఖరిది నీదేలే."

అన్నీ అయ్యాక మీట నొక్కితే చలనం లేదు. గుమ్మంలో బావ దగ్గాడు. అక్క మొహం చిన్నబోయింది. నేను లైటు అటూ ఇటూ తిప్పి చూస్తుంటే మదర్‌బోర్డు పైమూలలో ఖాళీగా ఉన్న చోటు కనబడింది. "అక్కా, ఈడికి రావాల్సిన వైరు యాడ?" అన్నాను. ఆ వైరు వెనకాల ఇరుక్కుని ఉంది. అది తగిలించగానే కంప్యూటర్ లోపలి పంకాలు తిరిగాయి. ఇల్లంతా అరుపులు! ఆ సంబరంలో బావ దర్జాగా వచ్చి, క్యాబినెట్ పక్కరేకు మూసి ఆఖరి స్క్రూ బిగించాడు. నా స్క్రూ! వాళ్ళమ్మాయి ఫోటో తీసింది. అందులో అక్క, బావ, కంప్యూటర్ ఉన్నారు. అంచున తెల్లటి వెలుతురు మరక ఒకటి ఉంటుంది, అది నేను. టార్చి ఆపడం మరిచిపోయాను.

తర్వాత దాన్ని ఎప్పుడు విప్పినా నన్నే పిలిచేది. ఇంట్లో ఎంతమంది ఉన్నా నేనే రావాలి. ఒకరోజు విసుగొచ్చి, "నెత్తికి కట్టుకునే లైటు దొరుకుతాది కదక్కా, కొనుక్కో" అన్నాను.

"దానికి నోరుండదు కదే" అంది తలెత్తకుండానే. ఆ మాట నలుగురి ముందూ అనుంటే ఆమె సొమ్మేం పోయేదో!

దినాలకు ఆమె ఫోటో పెద్దది చేయించాలి. ఫోటోలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. మీట నొక్కితే కూత పెడుతుందే గాని తెర వెలగలేదు. బావ తల పట్టుకుని, "ఇది కూడా దాంతోనే పోయింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నువ్వు జరుగు బావా" అని బండల మీద కూర్చున్నాను. ఊచ ముట్టుకున్నానని ముట్టుకున్నాకే తెలిసింది. అక్క కూతురికి టార్చి ఇచ్చాను. వెలుతురు నా కళ్ళలో పడింది. "లైటు నా మొగాన కాదు మే, పని మీద పట్టు" అన్నాను. ఆ పిల్ల ఉలిక్కిపడి నా వైపు చూసి, టార్చి దించింది. ర్యామ్ ఊడదీసి, దాని పసుప్పచ్చ అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ క్లిక్కుమనేదాకా నొక్కాను. తెర వెలిగింది.

మా అత్త కళ్ళు తుడుచుకుంటూ, "అచ్చం నా పెద్దకోడలే" అంది. చూశారా! పని నాది, పేరు ఆమెది. పోయి కూడా నామీద గెలిచింది.

కోపంగా తలెత్తితే అక్క కూతురు ఇంకా టార్చి పట్టుకునే నిలబడి ఉంది. ఆ పిల్లను మెచ్చుకుంటూ ఎవరూ ఒక్క మాట అనలేదు. మూతి బిగించుకుంది. ఆ మూతి బిగింపు నాకు బాగా తెలుసు.

పక్కరేకు మూశాను. ఒక్క స్క్రూ మిగిలింది. నిజం చెబుతున్నాను, ఇవ్వబుద్ధి కాలేదు. కాసేపు గుప్పిట్లోనే పెట్టుకున్నాను.

"ఇట్లా రా మే. ఆఖరిది నువ్వు బిగించు."

ఆ పిల్ల ముందు కిటికీ దగ్గరికి పోయి ఊచ ముట్టుకుంది. తర్వాత వచ్చి వంగి కూర్చుంది. టార్చి నేను తీసుకుని, ఆ చిన్న స్క్రూ మీద పట్టాను.