ఒనేలియో కాడిలాక్ తలుపు

మా సియెన్‌ఫ్యూగోస్ ఊళ్లో ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండితే పెద్ద గౌను తొడిగి, టాపు లేని కారులో ప్రాడో వీధి వెంట సముద్రం దాకా ఊరేగిస్తారు. గౌను కుట్టేది నేను. కారు మా ఎదురింటి ఒనేలియోది, పందొమ్మిది వందల యాభై నాలుగు నాటి గులాబిరంగు కాడిలాక్. పిల్లను తండ్రీ మేనమామలూ ఎత్తి, తలుపు మీదుగా లోపల కూర్చోబెట్టాలి. అదో మర్యాద అనుకునేవాళ్లం. తలుపులు చక్కగా తెరుచుకునే కార్లవాళ్లు కూడా అతన్ని చూసి పిల్లల్ని ఎత్తించడం మొదలుపెట్టారు. ఆ ఎత్తడంలో నా గౌన్ల అంచులు ఎన్ని చిరిగాయో నాకే తెలుసు.

ఎందుకయ్యా అని అడిగితే, "రాణులెక్కడైనా తలుపులు తీసుకుంటారా?" అనేవాడు ఒనేలియో. నేను ఊరుకునే రకాన్ని కాదు. ఒకరోజు అతను రొట్టె కోసం వెళ్లినప్పుడు తలుపు సందులో గోరు పెట్టి చూశాను. సందే లేదు, రంగు కింద వెల్డింగ్ చేతికి తగిలింది.

ఈలోగా మా వీధిలో మైదెలిస్‌కు పదిహేనేళ్లు వచ్చాయి. ఆ పిల్లకు ఒక కాలు సన్నబడిపోయింది, కర్ర పట్టుకుని నడుస్తుంది. నా దగ్గర కొలతలిచ్చి నేరుగా ఒనేలియో గుమ్మంలోకి వెళ్లింది.

"తాతా, నన్నెవరూ ఎత్తొద్దు. పుట్టినప్పట్నుంచీ ఎత్తుతూనే ఉన్నారు. ఆ రోజు నేనే ఎక్కుతా."

"నా బండి తలుపులు తెరుచుకోవమ్మా."

"అయితే నీ బండి వెనకాలే నడుస్తాలే."

పిల్ల వెళ్లాక నేను అడిగేశాను. "వెల్డింగ్ చేసేశావు కదూ? చూశాలే."

"నువ్వు చూడందేముంది ఈ వీధిలో?" అని నిట్టూర్చాడు. "ఇది టాపున్న బండి, అరసేలీ. నేనే కోసేశా. మొదటి గుంతలోనే నడుం కుంగి తలుపులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. అతికించి నిలబెట్టా. ఒక్కటి తెరిచినా మళ్లీ కుంగుద్ది. బండి పోతే నేనేం తిని బతకాలి?"



మైదెలిస్ ఊరేగింపు నాటి పొద్దున్నే ఇనుము కోసే చప్పుడు వినిపించింది. ఒనేలియో తన మంచం ఇనుప పట్టీలు కుంగకుండా బండి అడుగున బిగించి, వెనక తలుపు వెల్డింగ్ కోసేశాడు.

సాయంత్రం వీధంతా చేరింది. కోసిన అంచులు చూసిన కార్లవాళ్లకు సంగతి అర్థమైంది. "ఒరే ఒనేలియో, ఇన్నేళ్లూ మాచేత ఊరికే మోయించావట్రా?" అని నవ్వారు. అతను తలుపు తీసి పట్టుకున్నాడు.

మైదెలిస్ కర్ర తల్లికిచ్చి, సీటు పట్టుకుని కూర్చుంది. రెండు చేతులా కాలు లోపలికి లాక్కుని, గౌను సర్దుకుంది. చాలాసేపు పట్టింది. తండ్రి చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇంతలో తలుపు వేస్తే పడలేదు. అప్పటికే బండి కాస్త కుంగింది. ఇంతకాలం ఎవర్నీ ముట్టుకోనివ్వని స్టీరింగు మా ఆయన ఫెర్మీన్‌కు అప్పగించాడు ఒనేలియో. "నా నడకంత మెల్లగా పోనీ" అని, రెండు చేతులా తలుపు నొక్కిపట్టి పక్కనే నడవసాగాడు.

"అలిసిపోతే చెప్పు తాతా, నిన్ను ఎత్తి కూర్చోబెడతారు" అంది మైదెలిస్.

అతను తల అడ్డంగా ఊపి, సముద్రం దాకా ఆ తలుపు వదల్లేదు.