మేనేజరు గారి ఫోటో

మేనేజరు గారు పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. ఆ వెంటనే రెండో మాటగా ఫోటో అడిగారు. ఫిల్మ్ నగర్‌లో సంతాప సభ పెడుతున్నారట. వరద బాధితులకు ఆయన సాయం అందిస్తున్న ఫోటో ఫ్లెక్సీకి కావాలట. అలాంటిది లేదన్నాను. "స్టిల్ ఫోటోగ్రాఫర్‌వి, ఏదో ఒకటి కలిపి చేసెయ్. నీకెంతసేపు?" అన్నాడు అవతలి మనిషి. ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పాతికేళ్ళు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. యూనిట్ మొత్తానికీ వేళకు భోజనం పెట్టించడం ఆయన పని. చివరి వరుసలో కూర్చున్న జూనియర్ ఆర్టిస్టుల దాకా వెళ్ళి, కూర అందిందో లేదో చూసి గానీ తను తినేవారు కాదు. జేబులో మడిచిన కాగితం, చెవి వెనక పెన్సిలు.

మూడేళ్ళ కిందటి వానలకు షేక్‌పేట వైపు పల్లపు బస్తీ మునిగితే, అదే కాగితం, అదే పెన్సిలు పట్టుకుని దిగారు. జూబ్లీహిల్స్ నుంచి కార్ల నిండా సామాన్లు వస్తున్నాయి. ఒకాయన సినిమాలో వాడేసిన జరీ షేర్వాణీలు పంపాడు. మోకాటి లోతు బురదలో షేర్వాణీలు! మేనేజరు గారు వాటిని దించనివ్వలేదు. వచ్చిన వాలంటీర్లందరినీ ముందు ఉత్తచేతులతో ఇంటింటికీ పంపారు. "ముందు అడగండి, తరవాత మొయ్యండి. పొయ్యి తడిసిన ఇంటికి బియ్యమిస్తే ఏం చేసుకుంటారండీ?" అనేవారు. ఎవరికి వండిన అన్నం, ఎవరికి మందులు అన్నది సాయంత్రానికల్లా, షూటింగ్‌లో ఎవరెప్పుడు రావాలో రాసే కాల్ షీట్ లాగా ఆ కాగితం మీద ఉండేది.

రెండో రోజు ఒక నిర్మాత ఫోటోలకని నన్ను వెంటబెట్టుకొచ్చాడు. ఓ ముసలమ్మకు దుప్పటి అందించాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ తల పక్కకు తిప్పింది. అలవాటైన నోరు కదా, "ఒన్ మోర్! అమ్మా, ఆ దుప్పటి మళ్ళీ సారుకిచ్చెయ్" అన్నాను.

అవును, అన్నది నేనే.

"ఇచ్చిండ్రు గద బిడ్డా, మల్ల గుంజుకుంటరా?" అంటూ ఆవిడ దుప్పటిని గుండెకు అదుముకుంది. నేను ఫోకస్ సరిచేసుకుంటున్నాను.

మేనేజరు గారు ఎటునుంచి వచ్చారో తెలీదు. "ఇది సెట్టనుకున్నావేంట్రా?" అని అరిచారు. ఆయన అరవడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. నిర్మాతతో మాత్రం మెల్లగా, "మీరు బయల్దేరండి సార్, ఇక్కడ పనుంది" అన్నారు. ఆ తర్వాత ఏడాది పైగా ఆయనకు ఒక్క సినిమా రాలేదు. ఆ మాట సంతాప సభలో ఎవరూ ఎత్తరు. సభకు అధ్యక్షుడు ఆ నిర్మాతే. నాకు ఫోన్ చేసింది ఆయన మనిషే.

మర్నాడు మేనేజరు గారు నా చేతికి పెన్సిలిచ్చి, "కెమెరా ఇంట్లో పెట్టిరా. ఆ సందులో ఎవరికేం కావాలో కనుక్కో" అన్నారు. నన్ను అంతకన్నా మంచిగా క్షమించినవాళ్ళు లేరు.

మళ్ళీ ఫోన్ మోగితే పాత ఫోటోలు తిరగేశాను. ఆ దుప్పటి రోజు ఆయన అరుస్తూ నా మీదికొస్తుంటే నా వేలు కెమెరా మీట నొక్కేసింది. ఆ ఒక్క ఫ్రేమే ఫ్లెక్సీకి పంపాను. అందులో నిర్మాత లేడు, దుప్పటి లేదు, ముసలమ్మ లేదు. లెన్స్‌కు అడ్డం వస్తున్న ఆయన అరచెయ్యి, దాని గీతల నిండా బురద.