పింగాణీ గిన్నెలతో జాజ్

ఉదయం 6.10కి బందరులో రైలెక్కి, ఇరవై మూడు మైళ్ళూ ఆ జాజ్ ఎల్పీని ఒళ్ళోంచి దించకుండా 7.40కి గుడివాడ చేరాను. లోహపు పలకలపై కర్రలతో వైబ్రాఫోన్ వాయించిన అమెరికా కళాకారుడి రికార్డు అది. అదీ సంగీతమేనని జలతరంగం విద్వాంసులైన మా మావయ్య చేత ఒప్పించాలని నా పంతం.

మొదటి పాట ముగియగానే మావయ్య అడిగారు: "రేకు మీద స్వరం అలా ఎలా ఊగుతోందిరా?"

"పలకల కింద గొట్టాలున్నాయి మావయ్యా. వాటిలో మోటారుతో బిళ్ళలు తిరుగుతాయి."

"గమకానికి మోటారా! మీ ఇంజనీర్లకో దండం రా బాబూ!"

నవ్వుతూనే గిన్నెల్లో నీళ్ళు సరిచేసి, రికార్డుతోపాటు వాయించసాగారు. మూడోసారికి ఆ లయ పూర్తిగా పట్టుబడింది.

"వీడు మనవాడేరా! మళ్ళీ పెట్టు."

మొత్తం ఏడుసార్లు పెట్టాను. పగిలిన గిన్నెలు రెండు, ఒలికిన నీళ్ళు ఒక చెంబెడు, తడిసిన చాప ఒకటి, చల్లారిపోయిన ఇడ్లీలు ఎనిమిది.