క్యాంపర్ కింద ఎర్ర నూనె

మా ఆయనను భూస్థాపన చేసి వచ్చిన సాయంత్రం ఎన్నిస్ అనే ఐరిష్ ఊళ్ళోని మా ఇంట్లో కూర్చోడానికి చోటు లేనంత మంది ఉన్నారు. సగం మంది నాలాంటి నర్సులు, మిగతావాళ్ళు వాళ్ళ భర్తలు. మా ఆడపడుచు, ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు, నా పక్కన కూర్చుని ఎవరికీ వినపడకుండా అంది.

"మా అన్నయ్య ఈ దేశంలో ఒక్క చోటు చూస్తానన్నాడు వదినా. అదీ సగం దారిలో వెనక్కి తిప్పించేశావు."

బండి లీకైంది కదా అన్నాను.

"నీకెప్పుడూ ఏదో ఒకటి లీకవుతూనే ఉంటుంది" అని లేచి వెళ్ళి టీ కప్పులు కడగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆరు నెలలు నేను ఆ లీకు కోసం వెతికాను. పోయిన భర్త మీద ప్రేమ కొద్దీ ఆయన బండిని బాగుచేయిస్తున్నానని చర్చిలో అనుకున్నారు. నేను సరిదిద్దలేదు. బాగుచేయడం నా ఉద్దేశం కాదు. ఆ బండికి లీకు ఉండాలి, అది నాకు కనపడాలి, అంతే. ఉంటే ఆ రోజు నేను చేసింది సరైన పని. లేకపోతే మా ఆడపడుచు అన్నది నిజం.

బండి అంటే క్యాంపర్ వ్యాను. లోపల రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు ఉన్న పాత అమెరికన్ బండి. వయసు ముప్ఫై దాటింది. స్టీరింగు ఎడమవైపు, గేర్‌బాక్స్ ఆటోమేటిక్. ఈ దేశానికి నేను ముందు వచ్చాను, మూడేళ్ళ తర్వాత ఆయన వచ్చారు. నాకు ఆసుపత్రిలో ఉద్యోగం. ఊళ్ళో లారీ మెకానిక్ పని చేసిన మనిషి ఇక్కడ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయించే పనిలో చేరారు. మాకు పిల్లలు లేరు. ఆయన చూసుకునే ముసలివాళ్ళలో ఒకాయన డొనెగాల్ వైపు నుంచి వచ్చిన జాలరి. లెటర్‌కెన్నీ దాటి ఇంకా పైకి పోతే ఒక ఇసుక తీరం ఉందని, అక్కడ ఒక్క రాత్రి పడుకుని లేస్తే చాలని రోజూ అనేవాడట. ఆ ముసలాయన పోయాక మా ఆయన ఆ మాటను తన కోరికగా చేసుకున్నారు. క్యాంపర్ కొన్నది అందుకే. నన్ను అడిగి కొనలేదు.

కొన్నప్పుడు దాని కింద ఎర్ర చుక్కలు పడేవి. గేర్‌బాక్స్‌లో పోసే నూనె ఎర్రగా ఉంటుంది. ఇంజిన్ నూనె నల్లబడుతుంది, రేడియేటర్ నీళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి, కాబట్టి చుక్క రంగు చూస్తే ఎక్కడిదో తెలుస్తుంది. ఆయన రెండు ఆదివారాలు కింద పడుకుని, గేర్‌బాక్స్ అడుగు పళ్ళెం విప్పి, నూనె కారకుండా మధ్యలో వేసే గ్యాస్కెట్ మార్చి, లీకు ఆగిందన్నారు. నేను నమ్మలేదు. ఆయన మాట నమ్మే అలవాటు అప్పటికే పోయింది. కుళాయి, బాయిలరు, పన్ను కాగితాలు, దేనికైనా ఆయన జవాబు ఒకటే: తర్వాత చూద్దాం.

వార్డులో పనిచేసేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. మనిషి శరీరంలోకి ఎంత ద్రవం వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది అని ఒక చార్టు రాస్తాం. తక్కువైతే ఎక్కిస్తాం. అలాంటి చార్టే ఒకటి బండి కోసం గీసి, వంటింటి ప్రెస్ తలుపుకి లోపల అంటించాను. అలమరాని ఇక్కడ ప్రెస్ అంటారు, మేమూ అలాగే అనడం నేర్చుకున్నాం. ఆయన ఆ చార్టు చూసి నవ్వారు. "దానికి టెంపరేచర్ కూడా చూడరాదూ" అన్నారు. నేను నవ్వలేదు.

ప్రయాణం జూన్‌లో. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను బండి స్టార్ట్ చేసి, నూనె కొలిచే కడ్డీ తీసి చూశాను. ఇంజిన్ నడుస్తుండగానే చూడాలని ఆయన చెప్పగా విన్నాను. కడ్డీ మీద రెండు గీతలున్నాయి. నూనె కింది గీతకన్నా కిందే ఉంది. ముందురోజు అడిగితే, ఇప్పుడు కాదే, కాస్త తిరిగొచ్చాక చూడాలి అన్నారు. అదీ ఆయన తర్వాతల్లో ఒకటనుకున్నాను. డబ్బా తెచ్చి పై గీత దాకా పోశాను. దాదాపు ఒక లీటరు పట్టింది. చార్టులో రాసుకున్నాను. ఆయనకు చెప్పలేదు. చెబితే పోట్లాట, పోట్లాడితే బయల్దేరడం ఆలస్యం.

స్లైగో దాటాక రోడ్డు పక్కన ఆగాం. నేను టీ పెట్టబోతూ కిందికి దిగితే బండి కింద అన్నం కంచమంత ఎర్ర మడుగు. ఆయన కింద దూరి చూసి వచ్చారు. పళ్ళెం చుట్టూ పొడిగానే ఉంది, ఎక్కడో పైనుంచి కారుతోంది, కడ్డీ చూస్తే కావలసినంత ఉంది, మెల్లగా పోదాం అన్నారు.

"మూడో వంతు నెత్తురు పోయినవాడూ నాకేం, బాగానే ఉన్నాననే అంటాడు" అన్నాను.

"ఇది మనిషి కాదే."

నేను బండెక్కనన్నాను. కావాలంటే మీరు పొండి, నేను బస్సులో ఇంటికి పోతానన్నాను. ఆయన కాసేపు రోడ్డు వైపు చూశారు. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్ చేశారు. బండిని రికవరీ లారీ మీదికి ఎక్కించుకుని ఇంటికి వచ్చాం. ముందు సీటులో డ్రైవరు, ఆయన, నేను. డ్రైవరు సరదా మనిషి, దారి పొడుగునా ఏదో అడుగుతూనే ఉన్నాడు. ప్రతి ప్రశ్నకూ ఆయనే మర్యాదగా జవాబిచ్చారు. నాతో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆరు వారాల తర్వాత, ఆయన సెలవులో ఉన్న రోజు పొద్దున, వంటింట్లో పడిపోయారు. నేనే ఛాతీ మీద అదుముతూ ఊపిరి ఇచ్చాను. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. ఆగిన గుండె మళ్ళీ కొట్టుకోలేదు. ఆ ఆరు వారాలూ బండి వాకిట్లో కవరు కింద ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. తర్వాత చూద్దాం అని కూడా అనలేదు.

కవరు నేను తీశాను. లీకు వెతకడం నర్సింగుకు దగ్గరగా ఉండే పనే. ముందు శుభ్రం చేయాలి, తర్వాత గమనించాలి, గమనించేటప్పుడు చెయ్యి పెట్టకూడదు. జిడ్డు వదిలించే మందు కొట్టి, కింద పడుకుని, గేర్‌బాక్స్‌ను పాత గుడ్డలతో తుడిచాను. అట్టపెట్టెలు విప్పి బండి కింద పరిచాను. చేతికి అందినంత మేరా పిల్లల పౌడరు అద్దాను. పౌడరు మీద నూనె కదిలితే దారి కనపడుతుంది. ఒక్క చుక్క నూనె కూడా కలపకూడదని నిర్ణయించుకున్నాను. కలిపితే ఎంత పోతోందో తెలియదు.

మొదటి వారం అట్ట పొడిగా ఉంది. రెండో వారం ఒక ఎర్ర చుక్క. ఆ రోజు నాకు కలిగింది సంతోషమే, ఇంకో పేరు పెట్టను. పరుపు కింద దాచిన వస్తువు దొరికినట్టు అట్టను ఇంట్లోకి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. తీరా చూస్తే అది స్టీరింగు గొట్టానిది. అందులోనూ అదే నూనె పోస్తారు. క్లిప్పు బిగించగానే ఆగిపోయింది.

తర్వాత బండిని షానన్ దాకా తీసుకెళ్ళి వచ్చాను. ఎడమవైపు కూర్చుని నడపడం అలవాటయ్యాక గాల్వే దాకా కూడా వెళ్ళాను. ఇంటికి రాగానే కొత్త అట్ట. పొడి. పొద్దున్నే కడ్డీ చూసేదాన్ని. నూనె కింది గీతకన్నా కింద, ఎప్పుడూ ఒకే చోట. తక్కువగా ఉంది, కానీ తగ్గడం లేదు. చార్టులో వారం వారం ఒకే అంకె. అలాంటి చార్టు వార్డులో ఎవరైనా రాస్తే, చూడకుండా రాశారని తిట్టేదాన్ని.

ఈలోపు మా ఆడపడుచు ఫోన్ చేస్తూనే ఉంది. లిమరిక్‌లో ఉంటుంది, ముసలివాళ్ళను చూసుకునే పనే. తిన్నావా, నిద్ర పడుతోందా, డ్యూటీ ఎప్పుడు, ఇవే అడిగేది. బండి మాట ఎత్తేది కాదు. నేనే ఎత్తేదాన్ని. ఇంకా వెతుకుతున్నాను, దొరుకుతుంది అనేదాన్ని. ఊఁ అనేది.

చివరికి మా వార్డులో ఒక ఐరిష్ ఆవిడ తన పెదనాన్న సంగతి చెప్పింది. గ్యారేజీ మూసేసినా, ఊరి బయట షెడ్డులో పాత బండ్లు చూస్తూ కాలం గడిపే మనిషి. బండి తీసుకెళ్ళాను. ఆయన కింద దూరలేదు. టోపీ వెనక్కి నెట్టి, బానెట్‌కు ఆనుకుని, ప్రశ్నలడిగాడు. లీకు ఎప్పుడు చూశారు? ఎంత దూరం నడిచాక? అంతకు ముందు నూనె పోశారా? ఎంత? పోసినప్పుడు బండి వేడిగా ఉందా, చల్లగా ఉందా?

చల్లగానే అన్నాను.

ఎంత దాకా పోశారు?

పై గీత దాకా.

ఆయన తలూపాడు. అరగంట తిప్పుకుని రమ్మన్నాడు. వచ్చాక ఇంజిన్ నడుస్తుండగా కడ్డీ తీసి నా చేతికిచ్చాడు. ఆరు నెలలుగా ఒక్క చుక్క కలపని నూనె సరిగ్గా పై గీత మీద ఉంది. వేడికి ఈ నూనె ఉబ్బుతుందట. పై గీత వేడెక్కాక చూడాల్సిన గీత. చల్లగా ఉన్నప్పుడు కింది గీతకు కిందున్నా ఫరవాలేదు. చల్లటి బండిలో పై గీత దాకా పోస్తే, దూరం నడిచాక లోపల నురగ కట్టి, పైన గాలి పోయే గొట్టంలోంచి కక్కేస్తుంది. ఎక్కువైనంత బయటికి పోయాక దానంతటదే ఆగుతుంది. పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం లోపలికి దూర్చి చూపించాడు. గేర్‌బాక్స్ నెత్తి మీద, కింద పడుకున్న మనిషికి కనపడని చోట, ఎండిన ఎర్ర మరక, దాని మీద దుమ్ము. నేను తుడిచినదంతా కిందివైపే.

"బండి గ్రాండ్‌గా ఉంది" అన్నాడు, బాగుందనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాట. "లీకు ఎప్పుడూ లేదు. రేపే డొనెగాల్ పోవచ్చు." తర్వాత, ఏమీ మనసులో పెట్టుకోకుండానే, ఎవరు పోశారు అని అడిగాడు.

"మా ఆయన" అన్నాను.

ఆయన నవ్వి, మగవాళ్ళు బండితో ఇచ్చే పుస్తకం చదవరు అన్నాడు. నేనూ నవ్వాను.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తుంది, ప్రతి మలుపూ గుర్తుంది. దుఃఖంలో ఏమీ గుర్తుండదని రాస్తుంటారు, నా విషయంలో అది నిజం కాదు. పుస్తకం చదివింది మా ఆయనే. తిరిగొచ్చాక చూడాలి అన్నది చెయ్యాల్సిన పద్ధతి. నేను దాన్ని బద్ధకం అనుకున్నాను. స్లైగో దగ్గర కావలసినంత ఉందన్నదీ నిజమే. ఆయనకు ఇక లేని కాలాన్నంతా ఉపయోగించి ఆయన తప్పు వెతికాను. అది నాదని తేలగానే, ఎవరో తెలియని మనిషి ముందు, చనిపోయిన ఆయన మీదికే తోసేశాను. అడ్డు చెప్పడానికి ఆయన లేరు.

ఆ శనివారం బండిలోనే లిమరిక్ వెళ్ళాను. మా ఆడపడుచు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, యూనిఫారం ఇంకా మార్చుకోలేదు. వంటింట్లో నిలబడే చెప్పాను. లీకు లేదని, ఆ పొద్దున పోసింది నేనని, మెకానిక్‌తో ఏమన్నానో అదీ చెప్పాను.

తను కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకెందుకు చెప్పావు వదినా?"

"నువ్వన్నదే నిజమని."

"నువ్వు లీకు ఉందంటే ఉందనే అనుకున్నాను. అన్నయ్య పోయిన ఇంట్లో నిన్ను అంత మాటన్నానని ప్రార్థనలో మోకాళ్ళ మీద ఏడ్చాను. నీకు ఫోన్ చేసిన ప్రతిసారీ సిగ్గుపడ్డాను. ఇప్పుడేం చెయ్యమంటావు? ఆ ఏడుపు వెనక్కి తీసుకోనా?"

క్షమించమని అడగడానికే వెళ్ళానని అప్పుడు తెలిసింది. అడగలేదు. అడిగితే తను క్షమించాల్సి వస్తుంది, బైబిలు వాక్యం అలాగే చెబుతుంది కాబట్టి. తన మీద ఆ బరువు కూడా పెట్టడం ఇష్టం లేకపోయింది.

తనే అడిగింది. "బండి బాగుందన్నాడా ఆ మెకానిక్?"

"బాగుందన్నాడు."

"తాళాలు ఇటివ్వు. మావారికి ఆగస్టులో సెలవులున్నాయి. మేం వెళ్తాం." చెయ్యి చాపి ఆగింది. "నువ్వు రావద్దు వదినా."

బల్ల మీద పెట్టాను. బస్సులో ఇంటికి వచ్చాను.

ఆగస్టులో వెళ్ళి వచ్చారు. ఆ తీరం ఎలా ఉందో తను చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడు తిన్నావా, డ్యూటీ ఎప్పుడు అనే అడుగుతుంది. చెబుతాను. అంతకు మించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోం.