మా వదినను ఎవరని అడిగిన ఫోన్

మా ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఏ పనికైనా ముందు జెండా ఊపాలనే అలవాటు ఇంకా పోలేదు. ఫోన్‌లో కొత్త అప్‌డేట్ వచ్చిందని కనబడగానే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాయపూర్ గుఢియారీలో మా ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫోన్ హిందీలో అడిగిన ప్రతి ప్రశ్ననూ పైకి చదివాడు. ప్రతిదానికీ ముందు నోటితో "ఓకే" అని, ఆ తర్వాత వేలితో నొక్కాడు.

అంతా అయ్యాక చూస్తే గడియారం అంకెలు లావెక్కాయి. బొమ్మలన్నీ గుండ్రంగా తయారయ్యాయి. ఆయన తీసి పెట్టుకున్న కరెంటు మీటరు ఫోటోలన్నీ ఏరి, వెనకాల సితార్ వాయించి, తీపి జ్ఞాపకాలని పేరు పెట్టి ఫోనే ఒక వీడియో తయారు చేసింది. ఆయన దాన్ని రెప్ప వేయకుండా చూశాడు. "మన మీటరు ఇంత బాగుంటదని తెల్దే" అన్నాడు.

అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. ఆ ప్రశ్నల్లో ఇంకొకటి ఉంది. తెలియని నెంబరు నుంచి కాల్ వస్తే ఇకమీదట ఫోనే తీసి, మీరెవరు, ఏం పని అని అడుగుతుందట. కాపలా తక్కువుండాలా, మధ్యస్థంగా ఉండాలా, ఎక్కువుండాలా? "ఎక్కువే. సేఫ్టీలో తక్కువేటి?" అని నొక్కేశాడు.

ఇక్కడ మా అత్తవారింటి పద్ధతి చెప్పాలి. వీళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి రైలు ఉద్యోగాలకని రాయపూర్ వచ్చిన వాళ్ళు. అయినవాళ్ళ నెంబర్లు ఎవరూ రాసుకోరు, కంఠతా పడతారు. ల్యాండ్‌లైన్ల కాలంలో మొదలైన ఆ అలవాటు సెల్‌ఫోన్లు వచ్చినా పోలేదు. సొంతవాళ్ళ నెంబరు ఫోన్‌లో దాచుకోవడం వీళ్ళ లెక్కలో పెద్ద అవమానం. పేరు పెట్టి దాచుకునేది పరాయివాళ్ళవే. గ్యాస్ బండివాడు, నీళ్ళ ట్యాంకరువాడు, ఇన్వర్టరు మెకానిక్కు, అందరూ మా ఆయన ఫోన్‌లో పేర్లతో సహా ఉన్నారు. మేమెవరం లేము.

అప్‌డేట్ అయిన మర్నాడు గ్యాస్ బండివాడు చేస్తే ఫోన్ గణగణ మోగింది. ధర్సీవా ఫ్యాక్టరీ నుంచి మా అబ్బాయి చేస్తే మాత్రం, "మీరెవరు, ఏ పని మీద చేశారు" అని ఆడగొంతుతో హిందీలో అడిగింది. వాడు నవ్వి, పేరు చెప్పి ఊరుకున్నాడు.

మా వదిన ఊరుకునే మనిషి కాదు. ఆవిడ మా ఆయనకు సొంత అక్క, వీళ్ళ మాటలో అప్ప. ఊళ్ళోనే తెలీబంధాలో ఉంటుంది. ఇంకో రెండు రోజుల్లో మా మనవడి బారసాల. మా ఇళ్ళల్లో మేనత్త మొలతాడు కట్టందే బిడ్డను ఉయ్యాల్లో వేయరు. నాకు కూతుళ్ళు లేరు కాబట్టి ఆ చోటు మా వదినదే. ఆ తాడు గురించి అడగడానికే ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన స్నానాల గదిలో ఉన్నాడు. మిషను ఎత్తి, "ఆప్ కౌన్ హైఁ?" అంది.

ఆ తర్వాత మేము ఎన్నిసార్లు చేసినా వదిన ఎత్తలేదు. బారసాల ముందురోజు నేనే కుంకుమ భరిణె పట్టుకుని, బొట్టు పెట్టి పిలవడానికి ఆటోలో తెలీబంధా వెళ్ళాను.

తలుపు తీసింది గాని నుదురు ఇటు తిప్పలేదు. "కూకో. బొట్టు తరవాత. ముందు ఆ పిల్లెవరో సెప్పు."

"ఏ పిల్ల వదినా?"

"మా తమ్ముడి ఫోన్లో కూకున్న పిల్ల. ఎంత తమీజ్‌గా, మర్యాదగా అడిగిందనుకున్నావు, నానెవర్నని! ఆడికి ముక్కు తుడిసి, నిక్కరు తొడిగి, బడికి ఈడ్సుకెళ్ళిన దాన్ని. నానెవర్నంట!"

"అది పిల్ల కాదు వదినా, మిషను. కొత్త అప్‌డేట్‌లో వచ్చింది."

"పిల్లయితే బేవకూఫ్‌దిలే అని మాఫ్ సేసీదాన్ని. సొంత అక్కని మిషన్తో అడిగిస్తాడేటి?"

"మీ నెంబరు ఆయన ఫోన్‌లో సేవ్ చేసి లేదు కదా, అందుకని..."

"నన్ను సేవ్ సేస్తాడా? గ్యాసోడి పక్కన రాసుకుంటాడా నన్ను?"

"గ్యాస్ బండివాణ్ణి అడగదు వదినా" అన్నాను సర్ది చెబుదామని. నోరు జారాక గాని నేనేమన్నానో నాకే తెలియలేదు.

వదిన ముఖం ఎర్రబడింది. "గ్యాసోణ్ణి అడగదా! అయితే రేపు మొలతాడు ఆ మిషన్ పిల్ల సేతే కట్టించుకోండి. నాను రాను. ఆడు సొయంగా ఫోన్ సేసి పిలిస్తే అప్పుడు సూద్దారి."

నేను బాల్కనీలోకి వెళ్ళి మా ఆయనకు ఫోన్ కలిపాను. నా నెంబరూ ఆయనకు కంఠతానే. అందుకని ఆ ఆడగొంతు నన్నూ అడిగింది, మీరెవరని. నాకు వచ్చిన హిందీలో ఆయన పెళ్ళాన్నని చెప్పుకున్నాను. కాసేపు ఆగమంది. ఆగాను. చివరికి ఆయన ఎత్తాడు.

"మీ అప్ప రానంటున్నారు. మీరే చేసి పిలవాలట."

"నా తప్పేటే? కంపెనీ అడిగింది, నాను ఓకే అన్నాను. రూల్ ప్రకారం..."

"మీ రూలు మీ దగ్గరే పెట్టుకోండి. రేపు పిల్లాణ్ణి ఉయ్యాల్లో ఎలా వేస్తాం?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి టీపాయ్ మీద వదిన ఫోన్ వెలిగింది గాని మోగలేదు. దానంతట అదే తీసి, "ఆప్ కౌన్ హైఁ?" అని అడిగింది. అదే గొంతు.

వదిన వెనక్కి జరిగింది. "ఇదేటే? ఆ పిల్ల నా కొంపకీ వచ్చేసిందా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఫోన్లు రెండూ మా అబ్బాయి ఒకేసారి కొన్నాడు. పొద్దున ఇది కూడా ఏదో అడిగితే వదిన ఓకే నొక్కేసిందట. తమ్ముడి నెంబరు ఆవిడ మాత్రం ఎందుకు దాచుకుంటుంది?

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. మా ఆయన హిందీ మొదలుపెట్టాడు. "మేడమ్‌జీ, నేను ఆవిడ తమ్ముణ్ణి. రిటైర్డ్ గార్డుని. గుఢియారీ నుంచి మాట్లాడుతున్నాను."

తెర మీద హిందీలో మాటలు వచ్చాయి. ఎత్తడానికి ఒకటి, పెట్టేయడానికి ఒకటి, ఇంకా వివరం అడగమనడానికి ఒకటి. మా ఇంట్లో చూసి ఉన్నాను కాబట్టి అవేమిటో వదినకు చెప్పాను. ఆవిడ అన్నీ చదివి, వివరం అడగమనే మాట మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది.

"దయచేసి ఇంకాస్త వివరంగా చెప్పండి" అంది మిషను.

"రేపు మా మనవడి బారసాల, మేడమ్‌జీ. ఆవిడ వచ్చి మొలతాడు కట్టాలి."

వదిన పమిట కొంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ నొక్కింది. మేడమ్‌కి మొలతాడంటే తెలియదేమో అనుకున్నాడు పాపం. నల్లదారం అని, నడుముకి కడతారని, మరీ బిగించకూడదని, వదులైతే జారిపోతుందని, చెమటలు పట్టేలా వివరించాడు. నాకు నవ్వు ఆగలేదు.

"ఇంకోపాలి అడగమను. తెలవాల" అని వదిన మళ్ళీ నొక్కింది.

ఈసారి ఆయన మెల్లగా చెప్పాడు. "మా అబ్బాయి పుట్టినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను మేడమ్. నేను బండి దిగి ఇంటికి వచ్చేసరికి మా అప్ప వాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, నీలాగే ఉన్నాడురా అంది. నాకు అమ్మ లేదు మేడమ్. ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఆవిడే ఉంది. ఇప్పుడు వాడి కొడుకుని చూసి కూడా ఆవిడే చెప్పాలి. మీ మిషను అడిగినందుకు ఆవిడకి కోపం వచ్చింది. ఆ ఓకే నొక్కింది నేనే. ఈ మాట ఆవిడకి అందేలా చూడండి."

ఎదురుగా కూర్చుని ఆయన అక్కతో ఎప్పుడూ ఇన్ని మాటలు మాట్లాడలేదు. బావున్నావా, బావున్నాను, అంతే వాళ్ళ ముచ్చట.

వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఫోన్ ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. ఆ మాట మీదే ఇంకోసారి నొక్కి, ఫోన్ టీపాయ్ మీద పెట్టేసి లేచింది.

"ఎత్తండి వదినా, ఆయన ఎదురు చూస్తుంటారు."

"నానెత్తితే మల్లీ బావున్నావా అంటాడు. మాటాడనీ" అని నా ముందుకు వచ్చి నుదురు చూపించింది. బొట్టు పెట్టాను. "తాడు తెచ్చారా? బజార్లో ఆ నైలాన్‌ది తేలేదు గదా? పిల్లాడి ఒల్లు కోసేస్తది" అంటూ బీరువా తెరిచి, రేపటికి ఏ చీర కట్టాలో వెతకసాగింది.

వెనకాల టీపాయ్ మీద మా ఆయన, భోజనాలు ఎన్ని గంటలకో, వంకాయ కూర కారం లేకుండా చేయిస్తున్నామని, మేడమ్‌కి చెబుతూనే ఉన్నాడు.